మోకాలితో మట్టం చూసిన మేస్త్రి

మా బావ నేల మేస్త్రి. అంటే గోడలు కట్టడు, కప్పులు వెయ్యడు, గదిలో టైల్స్ పరుస్తాడు. గోడలు కట్టేవాళ్ళంటే ఆయనకి చిన్నచూపు. "గోడని ఎవడు తొక్కి చూస్తాడ్రా? పడకుండా నిలబడితే చాలు దానికి. నేల అలా కాదు, ఇంట్లోకి వచ్చినవాడల్లా దాని మీద కాలు పెట్టి పరీక్ష చేస్తాడు" అంటాడు. నేను తొమ్మిదో తరగతితో చదువుకి దణ్ణం పెట్టేసి ఆయన దగ్గర మాలు కలపడానికి చేరాను. ఇసకా సిమెంటూ నీళ్ళూ కలిపితే మాలు. నాలా కలిపేవాడు ఈ భూమ్మీద ఇంకోడు లేడు గానీ, ఆ గొప్ప పక్కన పెడదాం, ఇది బావ కథ.

పనివాళ్ళంతా ఆయన్ని రసమట్టం అని పిలుస్తారు. అసలు రసమట్టం అంటే చిన్న గాజు గొట్టంలో గాలిబుడగ ఉండే పనిముట్టు. నేల మీద పెడితే బుడగ సరిగ్గా మధ్యలో నిలబడాలి. పక్కకి జరిగిందా, నేల వాటంగా ఉన్నట్టు, అంటే ఒక వైపుకి వంగినట్టు. మా బావకి ఆ గొట్టంతో పని లేదు. ఆయన కుడి మోకాలే రసమట్టం.

పరిచిన టైలు మీద కుడి మోకాలు తాకీ తాకనట్టు ఆనించి, ఎడమ పాదం వెనక నిలదొక్కుకుని, కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టేవాడు. "ఈ మూల వెంట్రుకంత లేచిందిరా" అనేవాడు. పీకి చూస్తే కింద నిజంగానే వెంట్రుక. అదీ నాదే. ఇంకోసారి ఒక పెద్ద మేడలో కింది అంతస్తులో మోకాలు ఆనించి, "పైన ఎవరో బీరువా జరుపుతున్నారు, గోడకి గుద్దేలా ఉన్నారు, చెప్పి రా" అన్నాడు. నేను మెట్లెక్కి చూద్దును కదా, ఇద్దరు మనుషులు బీరువాని గోడకి జానెడు దూరంలో ఆపి చెమటలు తుడుచుకుంటున్నారు. బీరువా సంగతి నేను కాస్త పెంచి చెప్పానేమో గానీ, వెంట్రుక సంగతి అక్షరాలా నిజం.

ఆయన పనిసంచిలో అసలు రసమట్టం కూడా ఒకటి ఉండేది. దాన్ని తువ్వాల్లో చుట్టి, తాపీలకీ రబ్బరు సుత్తికీ అడుగున పడుకోబెట్టాడు. బయటికి తీస్తే పరువు తక్కువ. "అది మోకాళ్ళు లేనివాళ్ళ కోసంరా" అనేవాడు.

మా అక్క, అంటే ఆయన భార్య, ఇంట్లో ముందు గదిలో మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. నోటి నిండా గుండుసూదులు పెట్టుకుని కూడా ఒక్కటి జారకుండా మనిషిని తిట్టగల నేర్పరి. మోకాలి గొడవ మొదట పసిగట్టింది తనే.

"ఏమండీ, ఆ తలుపు బందుకి కాస్త నూనె వెయ్యండి. కిర్రుమంటోంది."

"తలుపు కాదే, నేను లేస్తున్నాను."

అలా మొదలైంది. పొద్దున లేవగానే మోకాలు బిగుసుకుపోయేది. నాలుగడుగులు వేసి గోడ పట్టుకుని బూతులు తిడితే సర్దుకునేది. మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టమయ్యింది. దిగేటప్పుడు మా బావ ప్రతి మెట్టునీ వరస కలిపి పలకరించేవాడు. కొన్నాళ్ళకి మోకాలు ఉబ్బింది. ఉబ్బిన రోజు పనిలోంచి సగంలో ఇంటికొచ్చి, కుర్చీలో కూలబడి, చాలాసేపు ఆలోచించి, జబ్బేమిటో తేల్చేశాడు.

"గుజ్జు అరిగిందిరా బామ్మర్దీ. అరిగితే ఏం చేస్తాం? లోపల కొత్తది పోసుకుంటుంది. కొత్తగా పోసిన నేల మీద ఏం చెయ్యకూడదు?"

"కాలు పెట్టకూడదు బావా."

"ఏం చెయ్యాలి?"

"ఆరకుండా నీళ్ళు పట్టాలి."

"మరింకేం, పట్టు."

నేల పనివాళ్ళకి తప్ప ఈ ఆలోచన ఎవరికీ రాదు. సిమెంటు గట్టిపడాలంటే తడి ఆరకూడదు, దాని మీద ఎవరూ నడవకూడదు. ఆ లెక్కన బావ ఒక కుర్చీలో తానూ, ఎదురు కుర్చీ మీద తన కుడికాలూ కొలువుదీరారు. మోకాలికి తడి గోనెగుడ్డ చుట్టించుకున్నాడు. గది గుమ్మానికి అడ్డంగా తాడు కట్టించాడు, కొత్త నేలకి కట్టినట్టే. లోపల్నుంచి గంటకోసారి కేక. "ఒరేయ్, ఆరిపోతోందిరా, నీళ్ళు!" నేను మగ్గు పట్టుకుని పరిగెత్తేవాణ్ణి. నా చేత్తో నీళ్ళు పట్టిన నేల ఏదీ ఇంతవరకూ బీటలు వారలేదు, అంచేత నాకూ మంచి నమ్మకంగానే ఉండేది. గోనెగుడ్డలోంచి కారిన నీళ్ళు గుమ్మం దాటి అక్క మిషను కిందికి చేరేవి.

"మీ మోకాలు గట్టిపడేలోగా నా యూనిఫారాలు బూజు పడతాయి" అని అరిచేది అక్క.

వారాల తరబడి సాగింది ఈ వైభోగం. చివరికి ఒక ఉదయం బావ గోనెగుడ్డ విప్పించి, రెండు చేతులతో మోకాలిని తట్టి, వంచబోయాడు. వంగలేదు.

"చూశావా? గట్టిపడింది!" అన్నాడు గర్వంగా.

ఆ గర్వం గుమ్మం దాకా కూడా నిలవలేదు. తాడు దాటబోయి, కాలు లేవక, నా మీద పడ్డాడు. అదే రోజు అక్క ఆయనకి కొత్త పని ప్యాంటు కుడదామని టేపు తీసింది. ఎడమ తొడ కొలిచింది. కుడి తొడ కొలిచింది. టేపు తిరగేసి మళ్ళీ కొలిచింది.

"ఏమండీ, మీ కుడి తొడలో సగం ఎక్కడ పెట్టారు?"

చూస్తే నిజమే, కుడి తొడ చిక్కి సగమైంది. రెండు తొడలూ పక్కపక్కన పెడితే తండ్రీ కొడుకుల్లా ఉన్నాయి. ఆవేళే అక్క చెప్పులేసుకుని టైల్స్ దుకాణానికి వెళ్ళొచ్చింది. దుకాణం పెద్దాయనకి మా బావ పేరంటే గౌరవం. రసమట్టం అంతటివాడు వచ్చి కూచుని, కొనేవాళ్ళకి టైల్స్ చూపించి నాలుగు ముక్కలు చెప్తే చాలట. మెత్తటి కుర్చీ, తల మీద ఫ్యాను. రేపట్నుంచే రమ్మన్నాడట.

ఆ సాయంత్రం బావ నా దగ్గరికొచ్చాడు. నేను తాపీలు కడుగుతుంటే పక్కన కూచుని మెల్లిగా అన్నాడు. "అక్కడ కూచుంటే నా చేతిలోంచి వెళ్ళిన ప్రతి టైలూ ఇంకోడి మోకాలి కిందికి వెళ్తుందిరా. వాడు దాన్ని ఎలా పరిచాడో కూడా నాకు తెలీదు." మా బావ నోట వెక్కిరింత లేని మాట వినడం నాకదే మొదటిసారి. కడిగిన తాపీనే మళ్ళీ కడిగాను.

అప్పుడే పక్క వీధిలోంచి కబురొచ్చింది. కీళ్ళూ కండరాలూ పట్టేసినవాళ్ళ చేత వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపీ డాక్టరమ్మ ఒకావిడ కొత్తగా ఒక హాలు తీసుకుంది. ఒక గోడకి నిలువెత్తు అద్దం, ఎదురు గోడకి అల్మారా, మధ్యలో వట్టి నేల. ఒంటికాలి మీద నిలబడేవాళ్ళుంటారు కాబట్టి నేల పిసరంత కూడా వాలకూడదట. అందుకని రసమట్టమే కావాలట.

బావకి ప్రాణం లేచొచ్చింది. అక్క అడ్డం తిరిగింది. ముందు గదిలో పంచాయతీ నడిచింది.

"ఈ ఒక్క గది" అన్నాడు బావ. "సమంగా వచ్చిందా, నేను నా పనిలో ఉంటాను. మళ్ళీ కుర్చీ మాట ఎత్తకు. రాలేదా, నువ్వు చెప్పిన దుకాణంలో నువ్వు చెప్పిన కుర్చీ ఎక్కుతాను."

"సమంగా వచ్చిందో లేదో చూసేది నేను" అంది అక్క.

"నువ్వే చూడు."

"మాట?"

"మాటే."

అక్క నోట్లోంచి గుండుసూదులన్నీ తీసి పక్కన పెట్టింది. అంటే మాట ఖాయమైపోయినట్టు.

బిగిసిన మోకాలు నాలుగు రోజులు అటూ ఇటూ నడిచాక కాస్త వంగింది, హాల్లో పని మొదలెట్టాం. దారం కట్టాం, మాలు వేశాం, మొదటి నాలుగు వరసలూ కిటికీ వైపు తిరిగి పరిచాడు. చెయ్యి ఎప్పట్లాగే ఉంది. టైలు పెట్టడం, రబ్బరు సుత్తితో టకటకా రెండు దెబ్బలు, చప్పుడు వినడం, పక్కదానికి పోవడం. చూస్తుంటే కడుపు నిండిపోయింది. అప్పుడు మోకాలు ఆనించాడు. కళ్ళు మూశాడు. నుదురు ముడిపడింది.

"వాటం ఉందిరా. అల్మారా వైపుకి."

"నాకు బాగానే కనిపిస్తోంది బావా."

"నీకు నీ భవిష్యత్తు కూడా బాగానే కనిపిస్తుంది. పీకు."

పీకాం. మాలు సర్ది మళ్ళీ పరిచాం. మళ్ళీ మోకాలు. మళ్ళీ అల్మారా వైపుకే వాటం. మళ్ళీ పీకాం. ఈసారి బావ అల్మారా వైపు మాలు కాస్త దట్టంగా వేసి పరిచాడు. నేను ఉండబట్టలేక సంచి అడుగునుంచి రసమట్టం తీసి, తువ్వాలు విప్పి, ఆయన చూడకుండా పెట్టి చూశాను. బుడగ ఎత్తుగా ఉన్న అల్మారా వైపుకి పరిగెత్తింది. అంటే ఇందాక సమంగా ఉన్న నేలని మేమే కష్టపడి వంకర చేశాం.

"బావా, ఇది వేరేలా చెప్తోంది."

"దాన్ని అడిగిందెవరు? ఇన్నేళ్ళు తువ్వాల్లో పడుకున్నదానికి ఏం తెలుసు నేల గురించి? పాడైపోయుంటుంది."

అప్పుడు వచ్చింది డాక్టరమ్మ. బక్కపల్చటి మనిషి, నడక మాత్రం చకచకా. గుట్టగా పడున్న టైల్స్ చూసింది, నా మొహం చూసింది, బావ మోకాలి దగ్గర ఆగింది. పని గురించి ఒక్క మాట అడగలేదు.

"మేస్త్రిగారూ, కిటికీ వైపు తిరిగి మోకాలు ఆనించండి. ఏం తెలుస్తోంది?"

"అల్మారా వైపు వాటం తెలుస్తోందమ్మా. స్పష్టంగా."

"సరే. అక్కడే వెనక్కి, గుమ్మం వైపు తిరగండి. అదే టైలు మీద మళ్ళీ ఆనించండి."

బావ నా భుజం పట్టుకుని లేచి, తిరిగి, ఆనించాడు. కళ్ళు మూశాడు. ఒక కన్ను తెరిచాడు. నన్ను చూశాడు. మూసేశాడు.

"ఇప్పుడు?"

"అద్దం వైపు" అన్నాడు చాలా చిన్నగా.

నాకు నవ్వొచ్చింది గానీ ఆయన మొహం చూసి మింగేశాను. అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు, వాటం ఎప్పుడూ ఆయనకి ఎడం పక్కకే. ఆయనతో పాటే అదీ హాలంతా తిరుగుతోంది. దాన్ని కాళ్ళకి కట్టుకుని మేం నేలని రెండుసార్లు తవ్విపోశాం.

డాక్టరమ్మ ఆయన్ని ఎముకల డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన ఎక్స్‌రే తీయించి, ఆస్టియో ఆర్థరైటిస్ అని రాసి, మళ్ళీ ఈవిడ దగ్గరికే పంపాడు. అంత పొడుగు పేరున్న జబ్బు తనకొచ్చినందుకు దారి పొడుగునా బావ కాస్త ఛాతీ విరుచుకునే నడిచాడు. మర్నాడు అక్కని కూడా వెంటబెట్టుకుని హాలుకి వెళ్ళాం. డాక్టరమ్మ ఎక్స్‌రేని కిటికీ అద్దానికి ఆనించి పట్టుకుంది.

"పై ఎముకకీ కింది ఎముకకీ మధ్య సందు చూడండి. బయటి పక్కన ఎలా ఉంది? లోపలి పక్కన ఎలా ఉంది?"

"లోపలి పక్క మూసుకుపోయింది" అన్నాడు బావ. సందుల సంగతి ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

"అది ఖాళీ సందు కాదు. ఎక్స్‌రేలో కనపడని మెత్తటి ఎముక ఉంటుందక్కడ. మృదులాస్థి. మీరంతా గుజ్జు అంటారు గానీ గుజ్జులా కారేది కాదు. మీ చెవి పట్టుకుని వంచి చూడండి, దానికి దగ్గరి చుట్టం. టైలు మీద నునుపులా ఎముక కొనకి అంటుకుని ఉంటుంది."

బావ తన చెవి వంచుకున్నాడు. అక్క నా చెవి వంచింది.

"అయితే మోకాలి మీద పని చేసీ చేసీ ఆ నునుపు అరిగింది. అంతేగా?"

"అంతే అయితే బాగుండును. మీ టైలు తిండి తింటుందా మేస్త్రిగారూ?"

"టైలు తినడమేంటమ్మా?"

"ఇది తింటుంది. ప్రాణమున్నది కదా. కానీ దీనికి రక్తనాళాలు లేవు. కీలులో ఉండే జిగురు నీళ్ళే దీని భోజనం. బరువు పడినప్పుడు స్పాంజిలా పిండుకుంటుంది, బరువు తీస్తే పీల్చుకుంటుంది. మీరు కదిలితేనే దానికి తిండి."

అక్క బావ వైపు తిరిగింది. "అంటే వారాల తరబడి దాన్ని పస్తు పడుకోబెట్టారన్నమాట."

"పస్తే కాదక్కా, పైనుంచి నీళ్ళు కూడా పట్టాం" అన్నాను.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. అక్క మొత్తం చెప్పింది. గోనెగుడ్డ, తాడు, మగ్గు, కేకలు, ఏదీ వదల్లేదు. డాక్టరమ్మ ఎక్స్‌రే మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎక్స్‌రే ఊగడం మేం ముగ్గురం చూశాం. కాసేపటికి తీసి, కళ్ళు తుడుచుకుని, "దానికి కావలసిన నీళ్ళు లోపలే ఉన్నాయండీ. నడిస్తేనే అవి కదులుతాయి" అంది.

"సరేలెండి. అసలిదెలా మొదలైంది?" అన్నాడు బావ, మాట మార్చడానికి.

"ఆ మోకాలికి ఎప్పుడైనా గట్టి దెబ్బ తగిలిందా?"

"వయసులో ఉన్నప్పుడు పరంజా మీంచి దూకాను."

"పడ్డారు" అంది అక్క.

"దూకుతుంటే పడ్డాను."

"అప్పుడే లోపల బరువుని సమంగా పంచే మెత్త చిరిగి ఉండొచ్చు. ఆ తర్వాత బరువు ఒక పక్కకే ఎక్కువ పడుతూ వస్తుంది. దాని మీద ఏళ్ళ తరబడి మోకాలిమీద కూచునే పని. ఈ పొట్ట. వయసు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఉందా?"

"మా అమ్మ కర్ర లేకుండా నడవడం నేను చూళ్ళేదు."

"అదీ ఒకటి. ఇది ఒక్క కారణంతో వచ్చేది కాదు. ఆ మెత్తటి ఎముకలో ఉండే కణాలు ఎప్పటికప్పుడు మరమ్మతు చేస్తూనే ఉంటాయి. కానీ మెల్లమెల్లగా పని చేస్తాయి. పాడయ్యేది బాగుచేసేదానికంటే ఎక్కువైన దగ్గర్నుంచి ఓడిపోవడం మొదలు. అది మీకు తెలీను కూడా తెలీదు. అందులో నరాలు లేవు, నొప్పి చెప్పదు."

"మరి నన్ను చంపుతున్న నొప్పి ఎవరిది?"

"ఇరుగుపొరుగుది. పై పొర పల్చబడేకొద్దీ కింది ఎముక మీద భారం పడి అది మరీ దట్టమవుతుంది. దట్టమైతే బరువుకి ఒదగదు. ఆ దెబ్బ తిరిగి పైపొరకే."

బావ తలెత్తాడు. "కింద మాలు ఒక చోట బండలా బిగిసిపోతే, పైన టైలు అక్కడే పగులుతుంది."

"ఇంచుమించు అదే. ఇక ఇక్కడ అంచులు చూడండి, ఎముక చిన్న చిన్న కొమ్ముల్లా పెరిగింది. బరువు ఆనడానికి చోటు పెంచుకుందామని ఒంటి తాపత్రయం."

"ఎవరు పెంచమన్నారు దాన్ని?"

"ఎవరూ అనలేదు. సొంత తెలివి."

"ఒక మేస్త్రి చాలడనుకుంటే లోపల ఇంకొకడా" అంది అక్క.

"కీలు చుట్టూ సంచిలాంటి పొర ఉంటుంది. ఈ గొడవకి అది కూడా అప్పుడప్పుడూ వాచి, నీరు ఎక్కువ ఊరుస్తుంది. మీరు చూసిన ఉబ్బు అదే. నొప్పని కాలు వాడరు. వాడకపోతే తొడ కండరం చిక్కిపోతుంది. మోకాలిని కాసేది ఆ కండరమే. కాపలా పోతే నొప్పి ఇంకా ఎక్కువ, నొప్పి ఎక్కువైతే కదలడం ఇంకా తక్కువ."

"సగం తొడ ఎక్కడ పోయిందో ఇప్పుడు తెలిసింది" అంది అక్క.

బావ ఎక్స్‌రేలో మూసుకుపోయిన సందుని వేలితో తడిమాడు. అడగాలనుకున్నది ఇంకా అడగలేదని నాకు తెలుసు. చివరికి అడిగాడు. "మరి వాటం?"

"నొప్పి ఉన్న పక్క ఆనకుండా మీకు తెలీకుండానే ఒరుగుతున్నారు. పైగా కాలు ఎంత వంగిందో, ఎటు వాలిందో మోకాలు మెదడుకి కబురు పంపుతుంటుంది. ఇలాంటి మోకాలిలో ఆ కబురు సరిగ్గా అందదు. ఒరిగింది కాలు. మీకు మాత్రం నేల ఒరిగిందని చేరుతోంది."

"మొదట్లో నిజమే చెప్పేదమ్మా" అన్నాడు బావ. చనిపోయిన మనిషి తరఫున మాట్లాడినట్టు అన్నాడు.

"చెప్పే ఉంటుంది" అంది ఆవిడ. నవ్వలేదు.

"నయమవుతుందా?"

"పోయిన పొరని నేను తేలేను. తెస్తామని ఎవరైనా చెప్తే నమ్మకండి. తొడని మళ్ళీ గట్టి చేద్దాం. నొప్పి తగ్గుతుంది. పొట్ట కాస్త తగ్గినా మోకాలికి చాలా తేలిక. పని మానక్కర్లేదు గానీ, గంటల తరబడి మోకాలి మీద కూచోవడం మాత్రం ఇక కుదరదు."

అక్క లేచి చీర సర్దుకుంది. "అదే నేనూ అంటున్నాను. కుర్చీ."

"గది ఇంకా అవ్వలేదు" అన్నాడు బావ. "అయ్యాక చూస్తానన్నావు. అయ్యాక చూడు."

అక్క "కానివ్వండి" అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి రోజులు మా బావ జీవితంలోకెల్లా అవమానకరమైనవి. పొద్దున్నే డాక్టరమ్మ ముందు కుర్చీలో కూచుని కుడికాలు చాపి, గాల్లో నిలిపి, మెల్లిగా దించాలి. చాలా తేలిక పని కదా అని నేను పక్కన కూచుని రెండు కాళ్ళూ ఒకేసారి చాపి చూపించాను. బావ ఎడమకాలితో నా కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. ఆ కాలికి ఏ జబ్బూ లేదని అప్పుడే రూఢి అయ్యింది.

వ్యాయామం అయ్యాక పని. వంకరగా వచ్చిన వరసలన్నీ పీకి మళ్ళీ మొదలెట్టాం. మోకాలి బదులు డాక్టరమ్మ తన చక్రాల పొట్టి స్టూలు ఇచ్చింది. ఇంకా పరచని వైపు స్టూలు, దాని మీద బావ. టైలు పెట్టి నొక్కితే టైలు అక్కడే ఉండేది, బావే వెనక్కి వెళ్ళిపోయేవాడు. ఒకసారి గట్టిగా నొక్కి గుమ్మం దాకా వెళ్ళొచ్చాడు. మర్యాదగా కూచునే వెళ్ళాడు, ముఖంలో ఒక్క గీత మారలేదు. చివరికి చక్రాలు విప్పి పారేశాం. మధ్యమధ్యలో లేచి అటూ ఇటూ నడవమని డాక్టరమ్మ ఆజ్ఞ. నడుస్తూ ప్రతిసారీ నేను కలిపిన మాలుకి వంక పెట్టేవాడు. నడవడానికి ఒక సాకు కావాలి కదా పాపం.

ప్రతి వరసకీ రసమట్టం పెట్టాం. పెట్టింది నేను. బావ బుడగ వైపు చూసేవాడు కాదు, పక్కింటివాళ్ళ గొడవ వింటున్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ "ఏమంటోంది?" అనేవాడు.

అలా చివరి మూలకి వచ్చాం. అద్దం పక్కన ఆఖరి టైలు. పెట్టాడు, సుత్తితో తట్టాడు, చప్పుడు విన్నాడు. స్టూలు పక్కకి జరిపాడు. కుడికాలు మెల్లిగా వెనక్కి మడవడం మొదలెట్టాడు. నేను బకెట్టు కడుగుతున్నట్టు నటించాను. అద్దంలో మాత్రం అంతా కనిపిస్తోంది. మోకాలు టైలుకి బెత్తెడు దూరంలో ఆగింది. అక్కడే చాలాసేపు ఉంది.

"ఒరేయ్ బామ్మర్దీ."

"ఆఁ బావా."

"ఇలా రా. నీ మోకాలు ఆన్చు."

వెళ్ళి ఆనించాను. కళ్ళు కూడా మూశాను, పద్ధతి ప్రకారం.

"ఏమంటోంది?"

"ఏమనట్లేదు బావా. చల్లగా ఉంది."

"దరిద్రపు మోకాలు" అన్నాడు. పెద్దగా నిట్టూర్చి స్టూలు మీద కూచుని చెయ్యి చాపాడు. "ఆ గొట్టం ఇలా ఇయ్యి."

రసమట్టం తన చేత్తోనే పెట్టాడు. ముందుకు వంగి, బుడగని మొదటిసారి కళ్ళారా చూశాడు. బుడగ కాస్త పక్కకి ఉంది. ఎవరినీ ఏమీ అనకుండా ఆ టైలు లేపి, మాలు కాస్త తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ చూశాడు. ఈసారి మధ్యలో నిలిచింది.

నేల గట్టిపడ్డాక అక్క వచ్చింది. తీర్పు రోజు కాబట్టి బావ తల దువ్వుకున్నాడు. అక్క వస్తూనే బకెట్టు నీళ్ళు అడిగింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, హాలు మధ్యకి వెళ్ళి, మగ్గుతో నీళ్ళు ముంచి నేల మీద పోసింది. నీళ్ళు గుండ్రంగా పరుచుకుని అక్కడే ఆగిపోయాయి. అల్మారా వైపు పోసింది. ఆగాయి. కిటికీ దగ్గర పోసింది. నా మీద నమ్మకం లేదన్నట్టు నన్ను పక్కకి జరగమని నేను నిలబడ్డ చోట కూడా పోసింది. చివరికి అద్దం పక్కన ఆఖరి టైలు మీద పోసి, నడుం వంచి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చూస్తూ నిలబడింది. డాక్టరమ్మ చూసింది. బావ నీళ్ళని చూడలేదు, అక్కనే చూశాడు.

నీళ్ళు ఎటూ కదల్లేదు.

అక్క నడుం ఎత్తింది. మూలనున్న గుడ్డ తెచ్చి, తను పోసిన నీళ్ళన్నీ తనే తుడిచి, గుడ్డ పిండి, బకెట్టు మీద ఆరేసింది. అప్పుడడిగింది.

"రేపు పనెక్కడ?"

బావ గొంతు సవరించుకున్నాడు. "ఆ చివరి వీధిలో మేడ ఇల్లు. మొదటి అంతస్తు."

"మెట్లు?"

"ఉన్నాయి. అయినా మెట్లెక్కకుండా మొదటి అంతస్తుకి ఎవడు వెళ్తాడే? నేను తలుచుకుంటే..."

"వంగే పనంతా వీడు చేస్తాడు. మీరు కూచునే చెయ్యాలి, మధ్యలో లేచి నడవాలి. పొద్దున ఈ అమ్మ దగ్గర కాలు చాపకుండా ఇంట్లోంచి బయటికి కదిలారా, తాపీ బావిలో పడేస్తాను."

"మన వీధిలో బావెక్కడిదే?"

"తవ్విస్తాను."

డాక్టరమ్మ మధ్యలో కలగజేసుకుంది. "మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు పెట్టండి. దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. కమ్మీ వదలకండి."

ఆ మాట అక్కడికక్కడే అమల్లోకి వచ్చింది. హాలు బయట వీధిలోకి దిగడానికి మెట్లున్నాయి. అక్క ముందు దిగి, కింద నిలబడి, ట్రాఫిక్ పోలీసులా చెయ్యి ఊపింది. బావ ఎడమ చేత్తో కమ్మీ, కుడి చేత్తో నా భుజం పట్టుకున్నాడు. సంచులన్నీ నా మెడలో ఉన్నాయి.

"ఏ కాలు ముందండీ?" అంది అక్క కింద నుంచి.

"తెలుసులేవే" అంటూ బావ కుడికాలు మెల్లిగా కింది మెట్టు మీద పెట్టాడు. "పేరు తెచ్చిన కాలు కదా, అదే ముందు నడవాలి."